మథనం నారాయణగారి మందుల కొట్టు

ముప్పాళ్ళవారిపాలెం సెంటరులో పురుగుమందుల కొట్టు నడిపే వెంకటనారాయణకి ఒకటే జబ్బు. ఏ పని చెయ్యాలన్నా ముందు ఆయనలో అంతర్మథనం జరగాలి. జరిగేది లోపలే అయినా ఊరందరికీ తెలిసేది, ఎందుకంటే ఆయన చాటింపు వేసి మరీ మొదలుపెట్టేవాడు. "ఆగవయ్యా, నాలో అంతర్మథనం జరుగుతోంది" అని చెయ్యి అడ్డం పెట్టి, ఎడమ భుజం మీది కండువాని కుడి భుజం మీదికి మార్చేవాడు. ఎడమన ఉంటే మందు ఇచ్చే పక్షం, కుడిన ఉంటే ఇవ్వని పక్షం. కాసేపటికి మళ్ళీ ఎడమకి వచ్చేది. అటు చేలో పురుగు కాయల్ని తొలిచేస్తుంటే, ఇటు రైతులు బల్ల మీద వరసగా కూర్చుని ఆ కండువా వంక చూస్తూ ఉండేవాళ్ళు. ఒక్కోసారి అది నెత్తి మీదికి కూడా ఎక్కేది. అది ఏ పక్షమో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

ఆయన భార్య కోటిరత్నానికి కాపురానికొచ్చిన కొత్తలో ఇది ముచ్చటగానే ఉండేది. ఒకరోజు వంకాయ వండనా, దొండకాయ వండనా అని అడిగింది. ఆయన వంకాయ తరఫున కాసేపు మాట్లాడాడు, దొండకాయ తరఫున కాసేపు మాట్లాడాడు, రెండింటి వైపూ న్యాయం ఉందన్నాడు. అది తేలేలోపు పొయ్యి ఆరిపోయి, ఇద్దరూ గోంగూర పచ్చడితో సరిపెట్టుకున్నారు. ఆ తర్వాత ఆవిడ ఆయన్ని ఇంటి విషయం ఏదీ అడగలేదు. మథించడానికి ఇంట్లో ఏమీ దొరక్కపోయేసరికి ఆయన మథనమంతా కొట్టుకి చేరింది. చూస్తూ చూస్తూ ఎంత పని జరిగిపోయిందో ఆవిడకి అప్పుడు గానీ తెలియలేదు.

ఆ కొట్టు కోటిరత్నం తండ్రిది. ఆయన హయాంలో రైతు చెయ్యి చాపితే డబ్బా చేతిలో ఉండేది. అల్లుడు బి.ఏ. తెలుగు చదివినవాడు, అసలు బడిపంతులు కావలసినవాడు. పండిట్ ట్రైనింగుకి గుంటూరు వెళ్ళాలా, ఒంగోలు వెళ్ళాలా అని మథించి మథించి రెండు చోట్లా గడువు దాటించుకున్నాడు. మామగారు పోతూ పోతూ కొట్టు తాళాలు కూతురి చేతిలో పెట్టి, అల్లుణ్ణి చూసి ఏదో చెప్పబోయి, ఊరుకున్నారు. ఆ చెప్పనిదేమిటో కోటిరత్నానికి తెలుసు. తండ్రి పెట్టిన కొట్టు తన చేతిలో మూతపడకూడదు. అందుకే రోజూ భోజనం కారియరుతో పాటు ఒక సామెత కూడా పంపేది.

"ఆలస్యం అమృతం విషం అన్నారు. కాస్త చెయ్యి విసురుగా ఆడించండి."

"అది అమృతం అమ్మే కొట్టుకి చెప్పిన మాట రత్నం. మనం అమ్మేది అమృతం కాదుగా" అనేవాడాయన. జవాబు లేని మాటలు మాట్లాడే మొగుడితో వేగడం ఎంత కష్టమో వేగినవాళ్ళకే తెలుస్తుంది.

బి.ఏ. చదువులో ఆయనకి దక్కిన ఆస్తల్లా ఈ అంతర్మథనం అన్న మాటే. దాన్ని ఊరికి పంచిపెట్టాడు. మిరపకి ముడత మందు కోసం వచ్చిన రామాంజనేయులు అనే రైతు ఒకసారి, ఎదురుచూసి విసిగిపోయి, ఇంతకీ ఆ మాటకి అర్థమేంటి బాబాయ్ అని అడిగాడు. అదే అతను చేసిన పొరపాటు.

"అంతర్ అంటే లోపల. మథనం అంటే చిలకడం."

"మజ్జిగ చిలికినట్టా?"

"మజ్జిగ చిలికితే వెన్నొస్తుందని ముందే తెలుసు, దానికి మథనపడేదేముంది? సముద్రాన్ని చిలికారు చూడు, అలాగ. ఏమొస్తుందో తెలియదు. చిలగ్గా చిలగ్గా ముందు విషం వచ్చింది. హడలిపోయి తాడు వదిలేసి ఉంటే కథ అక్కడితో సరి. వదల్లేదు కాబట్టి అమృతం దాకా వెళ్ళారు."

"బాగుంది బాబాయ్. మరి నా మందు ఎప్పటికొస్తుంది?" అన్నాడు రామాంజనేయులు.

జనం ఆ మాటని మొదట ఎగతాళికి పట్టుకున్నారు, తర్వాత వాడుకకి పట్టుకున్నారు. అంతర్ అన్నది నోరు తిరక్క వదిలేసి మథనం ఒక్కటే ఉంచుకున్నారు. వినుకొండ బస్సు ఆగిపోతే బస్సు మథనంలో పడిందనేవాళ్ళు. కరెంటు వస్తూ పోతూ ఉంటే దానికి మథనంగా ఉందనేవాళ్ళు. రెండు దార్ల దగ్గర ఎద్దు మొరాయిస్తే, నారాయణగారి దగ్గరికి తోలండ్రా, తేలుస్తాడు అనేవాళ్ళు. ఇది విన్నప్పుడల్లా ఆయన ప్రాణం విలవిల్లాడేది. బస్సుకి మథనమేంటి, దానికి డీజిలు లేదు అంతే అని వాదించేవాడు. మథనం అనాలంటే రెండు పక్కలా బరువుండాలి, మనిషి మధ్యలో నలగాలి, ఒక పక్కే బరువుంటే దాన్ని బద్ధకం అంటారు అని వాడుక నేర్పేవాడు. పడమటి పేట చర్చిలో పాస్టరు ఇమ్మానియేలు గారు, సిలువకి ముందు తోటలో ప్రభువు పడిన వేదనే అంతర్మథనం అని ప్రసంగంలో చెప్పారని తెలిసి మాత్రం పొంగిపోయాడు. మరుసటి ఆదివారం చర్చి గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు విప్పాలా వద్దా అని కాసేపు ఆగి, చివరికి బయటి నుంచే పాస్టరు గారికి దణ్ణం పెట్టి, వాడుక సరిగ్గా ఉందండీ అని చెప్పి వచ్చాడు.

కొట్టులో ఆయన పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. మందు కావాలంటే పురుగుని చూపించాలి. నోటితో చెబితే చాలదు. రైతులు పురుగుల్ని అగ్గిపెట్టెల్లో పెట్టుకుని వచ్చేవాళ్ళు. ఆయన అగ్గిపెట్టె తెరిచి, పురుగుని అటు తిప్పి ఇటు తిప్పి పలకరించి, అప్పుడు మథనం మొదలుపెట్టేవాడు. ఒకసారి గల్లాపెట్టె మీద పెట్టిన అగ్గిపెట్టె మూత ఊడి, పచ్చపురుగులు కోటిరత్నం మంగళగిరి చీర అంచు పట్టుకుని పైకి ఎక్కాయి. ఆ రోజు ఆవిడ వేసిన కేక సెంటరంతా వినిపించింది. ఆయన మాత్రం వాటిని ఒక్కొక్కటిగా ఏరుతూ, ఇది రామాంజనేయులుదా, ప్రేమదాసుదా అని మథనపడుతూ నిలబడ్డాడు.

ప్రేమదాసుదయితే గుర్తుపట్టొచ్చు. పడమటి పేటలో ఉండే ఆ కౌలు రైతు పురుగుతో పాటు అగ్గిపెట్టెలో లేత పత్తాకు కూడా పెట్టి తెచ్చేవాడు. ఎందుకయ్యా అంటే, "దారిలో ఆకలేస్తదిగదండి" అనేవాడు. మందు కొట్టి చంపబోయే పురుగుకి దారిబత్తెం కట్టే మనిషి అతనొక్కడే. చర్చిలో ఆదివారం డోలక్కు వాయించేది కూడా అతనే. కొట్టుకి వస్తే ఊరికే తీసుకెళ్ళేవాడు కాదు. ఏ మందు, ఎంత నీళ్ళకి, ఎండలో కొట్టాలా పొద్దువాలాకా అని వంద ప్రశ్నలు వేసేవాడు. వెంకటనారాయణకి అతనంటే ప్రాణం. ఇద్దరూ కలిస్తే బల్ల మీద మిగతావాళ్ళు లేచి టీకి వెళ్ళిపోయేవాళ్ళు.

టీ బంకు కొట్టుకి ఎదురుగానే, రోడ్డవతల. దాన్ని నడిపే రహిమున్నీసా ఈ మథనాల మీదే బతుకుతోందని కోటిరత్నం అనుమానం. అనుమానించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆవిడ టీ ఒక్కోసారి కేక పెట్టిన వెంటనే వచ్చేది, ఒక్కోసారి ఎంత పిలిచినా వచ్చేది కాదు. అంతసేపూ ఎవరో ఒక రైతు బల్ల మీద ఇరుక్కుని ఉండేవాడు. టీ కూడా ఈయనతో పాటు మథనపడుతోందేమో అని కోటిరత్నం ఒకటి రెండుసార్లు గట్టిగానే అడిగింది. రహిమున్నీసా నవ్వి గ్లాసు చేతికిచ్చింది.

తొంభై ఏడు చివర్లో ఆ మెట్ట ప్రాంతాల మీద దేవుడి కళ్ళు మూతపడ్డాయి. పత్తి కాయ పగిలే వేళకి వాన పట్టుకుంది. వాన వెలిస్తే పచ్చపురుగు దిగింది. ఏ మందు కొట్టినా అది చావలేదు. చావవలసింది చావక, చావకూడనివాళ్ళు చావడం మొదలయింది. పురుగు కోసం తెచ్చిన డబ్బాని రైతే నోట పోసుకున్నాడన్న వార్త లేకుండా పేపరు వచ్చేది కాదు. ఇవాళ ఈ ఊరు, రేపు ఆ ఊరు. మన ఊళ్ళో లేదు అని చెప్పుకోవడం కూడా తప్పుగా తోచి జనం మాట్లాడటం తగ్గించారు. జోకులు వేసే రామాంజనేయులు కూడా తల వంచుకుని వచ్చి తల వంచుకుని పోయేవాడు.

ఆ రోజుల్లో వెంకటనారాయణ జబ్బు ముదిరింది. అంతకుముందు గంట పట్టేది పూట పట్టసాగింది. డబ్బా చేతిలోకి తీసుకునేవాడు, మళ్ళీ పెట్టేసేవాడు. కండువా భుజాలు వదిలేసి తరచుగా నెత్తినే ఉండేది. ఇంట్లో మేకుకి తగిలించిన కండువాని కోటిరత్నం ఒకరోజు బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆయన కొట్టుకి వెళ్ళి దుమ్ము దులిపే గుడ్డతో మథనం కానిచ్చాడు. మర్నాడు ఆవిడే కండువా తీసి ఇచ్చేసింది. ఇంతలో మందుల కంపెనీ మనిషి మోటారు సైకిలు మీద వచ్చి, ఈ కొట్టులో సరుకు కదలడం లేదనీ, ఇలాగే ఉంటే ఏజెన్సీ తీసేసి సెంటరులో కొత్తగా పెట్టిన కొట్టుకి ఇచ్చేస్తామనీ మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. కోటిరత్నం ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారగానే మొగుడి చేతిలోంచి తాళాలు తీసుకుంది.

"కొన్నాళ్ళు మీరు ఇంట్లో ఉండండి. కొట్లో నేను కూర్చుంటాను."

"దాని మీద నాకు కొంచెం..."

"మీకేం లేదు. అన్నం వండి మధ్యాహ్నానికి కారియరు తెండి" అంది కోటిరత్నం. ఆయన బియ్యం కడగడానికి వెళ్ళాడు, కానీ పాత బియ్యమా కొత్త బియ్యమా అన్న గొణుగుడు వీధిలోకి వచ్చేదాకా ఆవిడకి వినిపిస్తూనే ఉంది.

ఆ పూట కొట్టు తండ్రి నాటి కొట్టయింది. ఆవిడ పురుగుని అడగలేదు. అడిగిన డబ్బా అడిగినట్టు ఇచ్చింది. రైతులు బల్ల మీద కూర్చోకుండానే వెళ్ళిపోతుంటే, రహిమున్నీసా రోడ్డవతల నుంచి టీగ్లాసులు కడుగుతూ బిత్తరపోయి చూసింది. రామాంజనేయులు అలవాటు కొద్దీ అగ్గిపెట్టె తీయబోతే, అవసరం లేదు పొమ్మంది. అతను ఆ పురుగుని ఏం చెయ్యాలో తోచక రోడ్డు మీద నిలబడిపోయాడు. కోటిరత్నానికి ఎన్నాళ్ళకో తండ్రి పక్కన కూర్చున్నంత హాయిగా అనిపించింది.

ఎండ ఎక్కాక ప్రేమదాసు వచ్చాడు. చొక్కా ఉతికి వేసుకున్నాడు. మందు డబ్బా ఒకటి ఇమ్మన్నాడు. ఏ మందు అని అడిగితే, "ఏదైనా పర్లేదమ్మా" అన్నాడు. వంద ప్రశ్నలు వేసే మనిషి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నా దగ్గరికి వచ్చేసరికి ఇతను కూడా దారిలో పడ్డాడు అని కోటిరత్నం సంతోషించి, చేతికందిన డబ్బా ఇచ్చింది. అతను దాన్ని తువ్వాలులో చుట్టుకుని, వెళ్ళొస్తానమ్మా అని చెప్పి, గుమ్మం దిగి మళ్ళీ వెనక్కి తిరిగి, నారాయణ గారిని అడిగానని చెప్పమని వెళ్ళాడు.

వెంకటనారాయణ కారియరుతో వచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటింది. పప్పులోకి ఊరుమిరపకాయా, అప్పడమా అన్నది తేలక రెండూ తెచ్చాడు. కోటిరత్నం కారియరు విప్పుతూ, పొద్దుటి నుంచి ఎవరెవరు వచ్చిందీ, ఎంత తొందరగా పంపించిందీ గర్వంగా చెప్పుకుపోయింది. ప్రేమదాసు కూడా వచ్చాడు, మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు అంది.

ఆయన చెయ్యి అప్పడం మీదే ఆగింది. "అగ్గిపెట్టె తెచ్చాడా?"

"లేదు. ఏదైనా పర్లేదన్నాడు, ఇచ్చాను."

"అతని చేలో పత్తి పీకేసి దున్నేశారు రత్నం. చేనుగలాయన వెనక్కి తీసుకున్నాడు. ఇంక అక్కడ పురుగెక్కడిది?"

ఆ తర్వాత జరిగింది ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదు. వెంకటనారాయణ లేచి పరిగెత్తాడు. ఏ కాలు ముందు పెట్టాలని ఆలోచించలేదు, చెప్పులు తొడగాలా అని ఆలోచించలేదు. కండువా జారి రోడ్డు మీద పడినా చూసుకోలేదు. నారాయణ గారు మథనం లేకుండా పరిగెత్తుతున్నాడంటే ఏ గడ్డివామో అంటుకుందని కొందరు బిందెలు పట్టుకుని బయటికొచ్చారు. కోటిరత్నం కండువా ఏరుకుని ఆయన వెనక పరిగెత్తింది. పొద్దుటి నుంచి ఎంతమందికి ఇచ్చిందో ఆ చెయ్యే ఆవిడకి బరువుగా ఉంది. కన్నతండ్రి తీరున కొట్టు నడిపానని మురిసిపోయిన మనిషి, దేవుడా, ఇవాళ ఒక్కరోజు ఆలస్యం చేయించు తండ్రీ అని దారి పొడుగునా మొక్కుకుంది.

ప్రేమదాసు తను కౌలుకి చేసిన చేని పక్కనే, ఎండిన కాలవ తూము గట్టు మీద కూర్చుని ఉన్నాడు. డబ్బా ఇంకా తువ్వాలులోనే ఉంది. వెంకటనారాయణ రొప్పుతూ వెళ్ళి అతని పక్కన కూలబడ్డాడు. ఇక్కడిదాకా ఒక్క క్షణం ఆలోచించకుండా వచ్చిన మనిషి, ఊపిరి అందగానే తన పాత దారిలో పడ్డాడు.

"ఆ డబ్బా ఒకసారి ఇలా ఇవ్వు ప్రేమదాసూ. మా ఆవిడ ఏ మందు ఇచ్చిందోనని నాకు మథనంగా ఉంది."

ప్రేమదాసు ఇవ్వలేదు. ఆయన లాక్కోలేదు. ఈ మందు తేమ నేలకి మంచిదనీ, మెట్ట నేలకి కాదనీ మొదలుపెట్టాడు. మీది మెట్ట, కానీ వాన పడింది కాబట్టి తేమ ఉంది, కానీ వెలిసి చాలా రోజులైంది కాబట్టి మళ్ళీ మెట్టే అన్నాడు. పత్తికి కొట్టాలా, మిరపకి కొట్టాలా అన్నాడు. అసలు పంటే లేని చేలో ఏ పంటకి కొడితే మంచిదో రెండు పక్కలా వాదించుకుంటూ పోయాడు. పత్తి కంప పోగు దగ్గర ఆగిపోయిన కోటిరత్నానికి ఆ మాటలన్నీ వినిపించాయి. రోజూ విని పళ్ళు నూరుకునే మాటలే. ఇప్పుడు ఒక్కటి కూడా ఆగిపోకూడదని నోటికి కండువా అడ్డం పెట్టుకుని నిలబడింది.

చివరికి ప్రేమదాసే అన్నాడు. "మీరు తేల్చరండి."

"తేల్చలేను, నిజమే. నువ్వు తేల్చేసుకుని వచ్చావు, అందుకే నాకు భయమేసింది. తేల్చేసుకున్న మనిషిని చూస్తే నాకు చచ్చేంత భయం."

ప్రేమదాసు తువ్వాలు మూటని ఒళ్ళోకి లాక్కుని, ఎలీసమ్మకి మొహం చూపించలేకపోతున్నానన్నాడు. భార్యకే కాదు, చేనుకి కూడా మొహం చూపించలేక అటు తిరిగి కూర్చున్నానన్నాడు. ఇంక ఏమీ మిగల్లేదండి అన్నాడు. వెంకటనారాయణ అతని వైపు ఇంకాస్త జరిగాడు.

"చిలికితే ముందొచ్చేది విషమే ప్రేమదాసూ. నీకది వచ్చింది. లేదని నేననను. కానీ ఆ సముద్రాన్నయినా ఒక్కళ్ళు చిలకలేదయ్యా. తాడుకి అవతలి కొస పట్టుకునే మనిషి ఉండాలి. ఒక్కడివే కూర్చుని తేల్చుకుంటే అది మథనం కాదు. ఆ వాడుక తప్పు."

"మా ప్రభువు కూడా నాతో కూడా మెలకువగా ఉండండని అడిగాడండి, తోటలో" అన్నాడు ప్రేమదాసు. "శిష్యులు నిద్రపోయారు."

"నేను నిద్రపోను. పోదామన్నా మా ఆవిడ పోనివ్వదు, నీకు తెలుసుగా."

ప్రేమదాసు నవ్వబోయాడు. అది నవ్వు కాలేక ఏడుపయింది. ఎన్నాళ్ళ నుంచి ఆపుకున్నాడో, తువ్వాలు మూట మీదే తల వాల్చి ఏడ్చాడు. కోటిరత్నం ఇంక ఆగలేక దగ్గరికి వచ్చి మొగుడి చేతికి కండువా ఇచ్చింది. ఆయన దాన్ని ఎడమన వేసుకోలేదు, కుడిన వేసుకోలేదు. నెత్తిన వేసుకుని, అలాగే కూర్చున్నాడు.

అప్పుడు చూసింది కోటిరత్నం, వెనక గట్టు మీద రహిమున్నీసా టీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో ఏమో, పొయ్యి వదిలేసి వచ్చింది. ఇంకా చూస్తావేంటి, టీ ఇవ్వు అని సైగ చేసింది కోటిరత్నం.

"ఇప్పుడే కాదక్కా" అంది రహిమున్నీసా మెల్లగా. "నెత్తిన ఉంది చూడు. కండువా నెత్తిన వేసుకుంటే టీ నిదానంగా తెమ్మన్నాడు మీ ఆయన. ఆ మనిషి ఏడ్చి మొహం తుడుచుకున్నాక తెమ్మన్నాడు. టీ వచ్చిందంటే లేచి వెళ్ళిపోతారంట."

కోటిరత్నం కంప పోగుకి ఆనుకుని నిలబడింది. ఈ యేడు ఆ బల్ల మీద ఇరుక్కుపోయినవాళ్ళంతా ఒక్కొక్కరే ఆవిడకి గుర్తొచ్చారు. ఎవరెవరి కోసం టీ రాలేదో గుర్తొచ్చింది. వాళ్ళంతా ఇప్పుడు ఊళ్ళో తిరుగుతూనే ఉన్నారు. రామాంజనేయులు కూడా ఒకరోజు పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. ఆ రోజు ఆవిడ ఇంటికొచ్చిన మొగుణ్ణి ఎన్ని మాటలందో అవి కూడా గుర్తొచ్చాయి. మొగుడి మీద ఇంత కోపం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. చెప్పి ఏడవచ్చు కదా అనుకుంది. చెబితే ఊరంతా తెలుస్తుంది, తెలిస్తే ఆ బల్ల మీద ఎవడూ కూర్చోడు అని కూడా ఆవిడకే తట్టింది.

ప్రేమదాసు మొహం తుడుచుకున్నాడు. రహిమున్నీసా లేచి టీ పోసింది. డబ్బా ఎప్పుడు వెంకటనారాయణ చేతిలోకి వచ్చిందో ఎవరూ గమనించలేదు. ఇంక ఇక్కడి నుంచి మొగుడి వల్ల కాదని కోటిరత్నానికి తెలుసు. పట్టుకోవడం ఆయన పని, తేల్చడం తన పని. ముందుకొచ్చి, రేపటి నుంచి మా తమ్ముడి మిరప కల్లంలో కాయ ఆరబోతకి నువ్వూ ఎలీసమ్మా వెళ్ళండి, ఇద్దరికీ కోతలయ్యేదాకా పనుంటుంది అంది. మా నాన్న నాకిచ్చిన మెట్ట చెక్క వచ్చే యేడు నువ్వే చేసుకో అంది. పండినప్పుడే కౌలు మాట అంది.

వెంకటనారాయణ గ్లాసు దించి, ఆ చెక్కలో మిరప వెయ్యడం మంచిదా, శనగ వెయ్యడం మంచిదా అన్న దాని మీద తనకి కొంచెం అని మొదలుపెట్టబోయాడు.

"దీనికి మథనం లేదు" అంది కోటిరత్నం. "మిరపే."

నలుగురూ కలిసి ఊళ్ళోకి నడిచారు. డబ్బా అలమరలోకి వెళ్ళిపోయింది. ఎలీసమ్మని పిలిపించి, కోటిరత్నం పెరట్లోకి తీసుకెళ్ళి మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఎలీసమ్మ మాత్రం ప్రేమదాసుని వదిలి ఎక్కడికీ వెళ్ళేది కాదు. మర్నాడు కంపెనీ మనిషి వచ్చి ఏజెన్సీ సంగతి ఎత్తితే, ఇక్కడ సరుకు నిదానంగానే కదులుతుంది, మీ బోర్డు మీరు తీసుకెళ్ళండి అని కోటిరత్నమే నిచ్చెన తెచ్చి ఇచ్చింది. బోర్డు విప్పుతుంటే కళ్ళు తడయ్యాయి. నాన్న అయితే ఏమనేవాడో అని ఒక్క క్షణం అనుకుంది, అంతకుమించి అనుకోలేదు. తర్వాత విత్తనాలూ, పంపులకి వాషర్లూ, ఇంకో కంపెనీ మందులూ పెట్టి కొట్టు ఎలాగో నడిపించుకొచ్చారు. మొగుడూ పెళ్ళాం పూటకొకరు కూర్చునేవాళ్ళు. అగ్గిపెట్టె నియమం ఎవరు కూర్చున్నా మారలేదు.

మరుసటి యేడు కార్తీకంలో, కోటిరత్నం పూట, ప్రేమదాసు కొట్టు మెట్లెక్కి అగ్గిపెట్టె తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. తెరిస్తే బొద్దుగా ఒక పచ్చపురుగు, దాని కింద లేత మిరపాకు. మంగళగిరి చీర పాడుచేసిన జాతి పురుగుని చూసి కోటిరత్నానికి అంత సంబరం వేస్తుందని ఆవిడే అనుకోలేదు. బాగా తినిపించి తెచ్చావే అంది. దారి దూరంగదమ్మా అన్నాడు ప్రేమదాసు. ఏ మందు, ఎంత నీళ్ళకి, పొద్దున కొట్టాలా సాయంత్రమా అని వరసగా మొదలుపెట్టాడు.

ఆ ప్రశ్నల మధ్యలో ఎవరో పొరుగూరి మనిషి వచ్చి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, ఖాళీ చేతులు. మందు డబ్బా ఒకటి కావాలన్నాడు. ఏ మందు అని కోటిరత్నం అడిగింది.

"ఏదైనా పర్లేదండి."

ప్రేమదాసు ప్రశ్నలు ఆగిపోయాయి. కోటిరత్నం లేచి, మేకుకి తగిలించి ఉన్న మొగుడి కండువా తీసి, జుట్టు ముడి మీద నుంచి నెత్తిన వేసుకుంది. అంత పెద్ద మనిషి అలా కూర్చుంటే ఆ కొత్త మనిషి తెల్లబోయి చూశాడు.

"ఆగు నాయనా, నాకు మథనంగా ఉంది" అని ఆవిడ రోడ్డవతలికి కేకేసింది. "రహిమున్నీసా, మూడు టీలు. తొందరేం లేదు."

ప్రేమదాసు బల్ల మీద కొంచెం జరిగి చోటు చేశాడు. "కూర్చో అన్నాయ్. ఇక్కడ కాస్త ఆలస్యం అవుద్ది" అని, తన అగ్గిపెట్టె తెరిచి పురుగుని చూపించడం మొదలుపెట్టాడు. రోడ్డవతల రహిమున్నీసా కోటిరత్నం నెత్తి వంక ఒకసారి చూసి, స్టవ్వు మంట తగ్గించింది.